మా ఇంట్లో చింత మానేసిన రోజులు

నాకు గడ్డ వచ్చి, తగ్గి, పదేళ్ళయింది. ఇన్నాళ్ళూ దీని గురించి రాయాలనిపించలేదు. మా సంఘంలో ఈ కథ నాకంటే బాగా చెప్పేవాళ్ళు తయారయ్యారు. వాళ్ళు చెప్పేదాంట్లో జరగనిది కొంత కలిసింది, జరిగింది కొంత రాలిపోయింది. అందుకని నాకు గుర్తున్నంతవరకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. జబ్బుతో ఉన్నవాళ్ళకీ, వాళ్ళని చూడ్డానికి వెళ్ళేవాళ్ళకీ పనికొస్తుందనుకుంటాను. ముఖ్యంగా చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి.

1998 వేసవి

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో అంచనాలు వేసేవాణ్ణి. బడి చదువు ఏడో తరగతితో ఆగింది. మా నాన్న మగ్గం నేసేవాడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని పడుగు పోగులు లెక్కపెట్టడంతో మొదలైన లెక్క, పెద్దయ్యాక చెక్కకీ రేకుకీ అక్కరకొచ్చింది. లారీ చుట్టూ ఒకసారి తిరిగొస్తే ఎంత చెక్క పడుతుందో, ఎంత రేకు పడుతుందో చెప్పేవాణ్ణి. లెక్క తేలితే నాకు నిద్ర పడుతుంది, తేలకపోతే పట్టదు.

మా ఆవిడ కరుణ పుట్టు క్రైస్తవురాలు, స్కూల్లో టీచరు. ఆమెను పెళ్ళి చేసుకోవడానికి బాప్తిస్మం తీసుకున్నాను. ఆదివారం చర్చికి వెళ్ళేవాణ్ణి గాని, ప్రసంగం జరుగుతుంటే పైకప్పు దూలాల కొలతలు మనసులో వేసుకుంటూ కూర్చునేవాణ్ణి. మా అమ్మ మాతోనే భవానీపురంలో ఉండేది. ఆమె దేవుళ్ళు ఆమెకున్నారు. కోడలి దేవుడి జోలికి అత్త పోలేదు, అత్త దేవుళ్ళ జోలికి కోడలు పోలేదు.

ఒక పొద్దున గడ్డం గీసుకుంటుంటే మెడ పక్కన గోళీకాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని కొన్నాళ్ళు ఊరుకున్నాను. చంకలో ఇంకోటి తగిలాక ఆసుపత్రికి వెళ్ళాను. ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చిన రోజు డాక్టరు గారు జబ్బు పేరు చెప్పి, మందులతో లొంగే రకమేనని, ఇంజెక్షన్లు నెలల తరబడి ఎక్కించాలని అన్నారు.

"ఎంతమందికి తగ్గుద్దండీ?" అని అడిగాను.

"చాలామందికి తగ్గుతుంది."

"చాలామంది అంటే నూటికి ఎంతండీ?"

ఆయన కలం మూతపెట్టి నా మొహం చూశారు. "నూటికి ఎంతయితే మీకేం చేసుకోవడానికి? మీరు ఒక్కరే కదా. తగ్గితే మీకు నూటికి నూరు తగ్గినట్టు, తగ్గకపోతే నూటికి నూరు తగ్గనట్టు. తర్వాతవాళ్ళని రమ్మనండి."

ఆయన అన్నది నిజమే. కాని ఆ నిజంతో నేను ఇంటికి నడిచి రాలేకపోయాను. ఆసుపత్రి గేటు దగ్గర కొబ్బరిబోండాల బండి పక్కన చతికిలబడిపోయాను.

1998 వానాకాలం

ఇంజెక్షన్ ఎక్కించుకునేవాళ్ళు పిలుపు కోసం కూర్చునే హాల్లో రెండు పొడుగాటి బెంచీలు ఉండేవి. మూడు వారాలకోసారి వెళ్ళేవాణ్ణి కాబట్టి దాదాపు అవే మొహాలు కనిపించేవి. డాక్టరు చెప్పని లెక్క నేను అక్కడ మొదలుపెట్టాను. కిందటిసారి ఎవరున్నారు, ఈసారి ఎవరు లేరు. లేనివాళ్ళలో తగ్గి మానేసినవాళ్ళెవరు, ఇక రానివాళ్ళెవరు. కూర్చోగానే కళ్ళు వాటంతటవే బెంచీ ఆ కొస నుంచి ఈ కొసకి తిరిగేవి.

దాన్ని మొదట కనిపెట్టింది పోతురాజు. బందరు దిగువన సముద్రం ఒడ్డు ఊరు ఆయనది, చేపల వ్యాపారం. నాకొచ్చిన జబ్బే ఆయనకీ వచ్చింది. మనిషి దుంగలాగా ఉండేవాడు, గొంతు రేవులో వేలంపాట పాడినట్టుండేది.

"ఏంటి లెక్కల మేస్టారూ, ఇయ్యాల సరుకెంత తగ్గింది?" అన్నాడు ఒకరోజు.

నేను బిత్తరపోయాను.

"సిగ్గుపడమాకండి. నేనూ చూస్తా. ఆ కిటికీ పక్క పెద్దాయన రాలా. నీలం చీర అమ్మాయి రాలా." తర్వాత నా చెవి దగ్గరకొచ్చి, "పదిమందిలో కొందరు పోవాలని రాసుంటే, నేను పోతే మీకు కలిసొచ్చిద్దిగా?" అన్నాడు.

పక్కనున్న వాళ్ళావిడ నాగమణి ఆయన తొడమీద గట్టిగా గిల్లింది. "నోటికి అడ్డూ ఆపూ లేదు నీకు."

ఆ లెక్క తప్పు. ఒకడు పోయినందువల్ల ఇంకొకడి జబ్బు తగ్గదు. ఎవడి చీటీ వాడిది. అది నాకు తెలుసు. తెలిసినా, ఆయన అన్న మాట నాలో అంతకుముందే ఉన్నదేననిపించి ఆ రాత్రంతా మెలకువగా పడుకున్నాను.

షెడ్డు యజమాని ద్రాక్షపళ్ళు తీసుకుని చూడ్డానికొచ్చాడు. "నీ కుర్చీ ఎటూ పోదు సూర్యం" అన్నాడు. ఆ కుర్చీలో అప్పటికే ఇంకొకతను కూర్చుంటున్నాడని నాకు తర్వాత తెలిసింది. పామర్రులో బట్టల కొట్టున్న మా తమ్ముడు వచ్చి, నేను కళ్ళు మూసుకుంటే నిద్రపోయాననుకుని, అమ్మతో అన్నాడు.

"అన్నయ్య తర్వాత నువ్వెక్కడుండేదీ ఇప్పుడే అనుకుంటే మంచిదమ్మా. నా ఇల్లు ఇరుకు. తర్వాత మాటలొస్తయ్యి."

"నా తర్వాత వాడురా, వాడి తర్వాత నువ్వు. వరస తప్పుతున్నావు," అంది అమ్మ. "లెక్క వాడికొచ్చినట్టు నీకు రాలేదు."

మా సంఘం పాస్టరు గారు ప్రార్థన చేయడానికి వచ్చింది ఆ రోజుల్లోనే. వానలో సైకిలు మీద వచ్చారు. నా మంచం పక్కన కుర్చీలో కూర్చుని, తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించారు. వెళ్ళబోతూ నాతో అన్నారు: "చింత మానుకోవాలి సూర్యం గారూ. కొంచెం కొంచెం కాదు, పూర్తిగా మానెయ్యాలి. ఇంట్లో చింత ఉన్నంతకాలం ఏ వైద్యమూ పనిచెయ్యదు. ఇంట్లోవాళ్ళు కూడా ఆయనకి సాయం చెయ్యండమ్మా."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ, "అట్టాగేనండీ" అంది.

ఆ పూట నుంచి మా ఇంట్లో వంట మారిపోయింది. చారు లేదు. పులుసు లేదు. సొరకాయ ఉడకేసి ఉప్పు చల్లడం, బీరకాయ పెసరపప్పు, మళ్ళీ సొరకాయ. గోంగూర లేదు, టమాటా లేదు, నిమ్మకాయ కూడా లేదు. ఆసుపత్రి నర్సు పచ్చళ్ళూ, బయట తిండీ వద్దని ఒకసారి అమ్మతో చెప్పింది. ఇది కూడా ఆవిడ చెప్పిన పథ్యమేననుకున్నాను. కరుణ పొద్దున్నే స్కూలుకి వెళ్ళిపోయేది. ఇదేదో అత్తగారి ఊరి పథ్యమనుకుంది. "కొంచెం పులుసు పెట్టమ్మా" అని నేనడిగితే, "పెద్దాళ్ళు మానెయ్యమన్నాక నోరు కట్టుకోవాలి" అనేది అమ్మ. ఏ పెద్దాళ్ళని నేనడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

ఆ ఇంజెక్షన్లు ఎక్కించుకున్నవాళ్ళకి తెలుస్తుంది. నోట్లో రుచి చచ్చిపోతుంది. అన్నం మట్టిబెడ్డ నమిలినట్టుంటుంది, నీళ్ళు ఇనుము వాసనేస్తాయి. నాకు ఆ నోటికి ఒక్క పులుపు మాత్రమే తెలిసేది. వీధిలో ఎవరింట్లోనో పులుసు మరుగుతుంటే మంచం మీద లేచి కూర్చునేవాణ్ణి. అమ్మ వచ్చి కిటికీ రెక్క మూసేది. సొరకాయ కలిపిన ముద్ద నోటి దగ్గరకి తెచ్చేది. రెండు ముద్దలకే కడుపులోది బయటికొచ్చేది. నేను ఎంత తినకపోతే ఆమె పథ్యం అంత బిగించేది.

దసరా వచ్చేసరికి అరవై నాలుగు కిలోలవాణ్ణి యాభై రెండుకి దిగాను.

పాస్టరు గారు మళ్ళీ వచ్చారు. నన్ను కాళ్ళ నుంచి తలదాకా చూశారు. తర్వాత అమ్మ వైపు తిరిగారు.

"ఇంట్లో చింత ఏమన్నా మిగిలుందా అమ్మా?"

"లేదండీ. ఇంతకూడా లేదు. ఉన్నదంతా తీసుకెళ్ళి కాలవలో పారబోసొచ్చాను."

పాస్టరు గారి కళ్ళు చెమ్మగిల్లాయి. "విన్నారా?" అన్నారు నాతో. "కాలవలో పారబోసొచ్చిందట. అన్యురాలై ఉండి మీ అమ్మగారికి అంత విశ్వాసం ఉంటే, మీరింకా ఇట్లా చిక్కిపోతున్నారంటే లోపం ఎవరిలో ఉందో మీరే పరీక్షించుకోవాలి."

ఆయన వెళ్ళాక అమ్మ కరుణని అడిగింది. "అన్యురాలంటే ఏంటే?"

"పెద్దావిడ అని, అత్తయ్యా," అంది కరుణ, నా వైపు చూడకుండా. క్రైస్తవులు కానివాళ్ళని చర్చిలో అలా అంటారని చెప్పలేదు.

ఆ తర్వాతి ఆదివారం ప్రసంగంలో కాలువ వచ్చింది. చింతను కాలువలో పారబోసిన తల్లి అంటూ అమ్మ గురించి చాలాసేపు చెప్పారు. కొడుకు గురించి ఏమీ చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది. బయట చెప్పులేసుకుంటుంటే మా వెనక ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకున్నది విన్నాం. "తల్లి అంత పవిత్రురాలు కదా, అయినా తగ్గట్లేదంటే ఈయన లోపల ఏదో దాచాడు." కరుణ వెనక్కి తిరగబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను. నిజానికి నేనూ అదే ఆలోచిస్తున్నాను. రాత్రుళ్ళు నా బతుకులోని తప్పులన్నీ తీసి, ఏ తప్పుకి ఎంత శిక్ష అని లెక్కలు వేసుకుంటున్నాను. బెంచీ మీది లెక్క చాలక ఇది ఇంకో లెక్క.

1998 కార్తీకం

ఆ రోజు కరుణకి స్కూల్లో పరీక్షలు. నాతో అమ్మ వచ్చింది. బరువు చూస్తే యాభై. డాక్టరు గారు కోప్పడ్డారు. "ఈసారికి ఎక్కిస్తాను. వచ్చేసారి ఇంకో రెండు కిలోలు తగ్గితే ఎక్కించను, వాయిదా వేస్తాను. మనం ఆగితే జబ్బు ఆగుతుందనుకోకండి. ఏదో ఒకటి తినండి, ఏదైనా సరే."

అమ్మ మందుల దుకాణానికి వెళ్ళింది. నేను బెంచీ మీద కూర్చున్నాను. పోతురాజు అప్పటికే అక్కడున్నాడు. ఆయనా సగమయ్యాడు, గొంతు మాత్రం అలాగే ఉంది.

"యాభై అన్నాడుగా. బయటికి వినపడింది," అన్నాడు. "మణీ, ఆ కేరేజీ విప్పు. నిన్నటి చందువ పులుసు మేస్టారూ. ఒకపూట నిలవుంటే దాని సంగతే వేరు. నాకు గొంతు దిగట్లా. మీరన్నా తినండి."

మూత తియ్యగానే ఆ వాసనకి నా దవడలు లాగేశాయి. ఎవరు చూస్తున్నారో చూసుకోలేదు. వేళ్ళతో కలిపి, చేపముక్క సంగతి కూడా పట్టించుకోకుండా పులుసు అన్నం తింటున్నాను. నెలల తర్వాత నా నాలుక నాకు దొరికింది.

ఎప్పుడొచ్చిందో అమ్మ, నా గడ్డం కింద దోసిలి పట్టింది.

"ఉమ్మెయ్. ఉమ్మెయ్ రా."

హాలంతా మా వైపు చూసింది. నలభై ఏళ్ళవాణ్ణి, నోటినిండా అన్నంతో అలాగే ఉండిపోయాను.

"ఏంటి పిన్నిగారూ, అందులో మందేమన్నా కలిపాననుకున్నారా?" అన్నాడు పోతురాజు.

"చేప తింటే తిననియ్యవయ్యా. అందులో చింతపండుంది. వాడికి చింత మానెయ్యమన్నారు."

"ఎవరు, డాక్టరా?"

"పాస్టరు గారు. ఇంటికొచ్చి మరీ చెప్పారు. చింత ఉంటే వైద్యం పనిచెయ్యదని. యాడాదికి సరిపడా ఉప్పేసి దాచిన చింతపండు, జాడీతో తీసుకెళ్ళి కాలవలో పారబోశా. పులుపంతా దాని చుట్టమేనని నిమ్మకాయ కూడా ఇంట్లోకి రానియ్యలా."

ముందు పోతురాజుకే అర్థమైంది. ఆయన భుజాలు కదలడం మొదలైంది. "పిన్నిగారూ," అన్నాడు ఊపిరందక, "ఆయన చెప్పింది ఆ చింత కాదమ్మా."

నవ్వు బెంచీ పొడుగునా పాకింది. ఎన్నిసార్లు వచ్చినా గోడవైపే తిరిగి కూర్చునే ఒకావిడ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పోతురాజు నవ్వి నవ్వి దగ్గులో పడ్డాడు. నర్సు వచ్చి అందరినీ తిట్టింది.

అమ్మ నవ్వలేదు. "మరి ఏ చింత?" అంది నాతో.

"దిగులమ్మా. దిగులు పడటం మానెయ్యమని. చర్చిలో దాన్ని అట్టా అంటారు."

"దిగులు మానెయ్యమన్నాడా?" అంది. "దిగులు ఎట్టా మానతార్రా? అదేమన్నా జాడీలో ఉంటదా తీసి పారబొయ్యటానికి?"

లోపలి నుంచి ఎవరినో పేరు పెట్టి పిలిచారు. వంతు వచ్చినాయన లేచి వెళ్ళాడు.

రిక్షాలో ఇంటికి వస్తుంటే అమ్మ నా వైపు చూడకుండా చెప్పింది. "నేనూ తినలా. నీకు లేంది నాకెందుకని."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే ఏమొచ్చుద్ది? పొద్దున్నే లేవటం, నీ కంచంలో చింత పడకుండా చూట్టం, అది నా వంతు. అది చేశాక పడుకునేదాన్ని. మిగతాది మీ దేవుడి వంతు. ఆయన మాట నేను విన్నాగా, ఆయన వంతు ఆయన చేసుకోడా?"

"నిద్ర పట్టేదా నీకు?"

"ఎందుకు పట్టదు? ఆయన వంతు కూడా నేనే చెయ్యాలా?"

బాప్తిస్మం తీసుకున్నది నేను. ఆ దేవుడు చెప్పాడనుకుని జాడీ మోసుకుంటూ కాలవకి వెళ్ళింది ఆమె. ఆమెకి అందిన మాట తప్పు. దానివల్ల నేను చచ్చిపోయేవాణ్ణి కూడా. కాని చెప్పినవాడి మీద ఆమె ఉంచిన భరోసాలో తప్పు లేదు. చింతపడి ఎవడూ తన ఎత్తుకి మూరెడు కలుపుకోలేడని యేసు అన్న మాట నేను ఎన్నోసార్లు విన్నాను. మూర అంటే నాకు తెలుసు. మోచెయ్యి నుంచి వేలి కొస దాకా, మా నాన్న గుడ్డ కొలిచింది దాంతోనే. మగ్గం ముందు కూర్చుని తలపోస్తే గుడ్డ మూరెడు పెరగదు. నెయ్యాలి. నేసినంతే మనది. ఇంత తేలికైన లెక్క, విన్నన్నాళ్ళూ నాకు లెక్కగా కనిపించలేదు.

ఆ సాయంత్రం అమ్మ పక్కింట్లో చింతపండు అడిగి తెచ్చి పులుసు కాచింది. తిన్నాను. తిని, జీవితంలో మొదటిసారి నా అంతట నేను ప్రార్థన చేశాను. "ప్రభువా, మందు వేయించుకున్నాను. అన్నం తిన్నాను. ఇంతవరకు నాకు చేతనైంది. మిగతాది నీది." ఇంతకంటే మాటలు రాలేదు. భయం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. భయం ఉంది. దాన్ని పక్కన పెట్టుకునే పడుకున్నాను, నిద్ర పట్టింది.

ఆ తర్వాతిసారికి బరువు తగ్గలేదు, ఒక కిలో పెరిగింది. ఇంజెక్షన్ వాయిదా పడలేదు.

ఆ రోజు బెంచీ మీద పోతురాజు లేడు. నాగమణి ఒక్కతే కూర్చుని ఉంది, ఒళ్ళో కేరేజీతో. నుదుట బొట్టు లేదు. అమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

"ఎప్పుడమ్మా?"

"పోయిన మంగళవారం పిన్నిగారూ. పోయేముందు చెప్పాడు, మేస్టారొచ్చే రోజుకి పులుసు పట్టుకెళ్ళమని." కేరేజీ నా చేతికిచ్చింది. "కలిసొచ్చిందేమో కనుక్కోమన్నాడు."

అంత దూరం నుంచి బస్సులో మోసుకొచ్చిన పులుసది. అమ్మా నేనూ అక్కడే తిన్నాం. నాగమణి మేం తినేదాకా కూర్చుని, ఖాళీ కేరేజీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ కనిపించలేదు. ఆ రోజు నా కళ్ళు బెంచీ వెంట తిరగలేదు.

1999

ఎండలు ముదిరేసరికి గడ్డలు కరిగిపోయాయి. ఇక చాలు, అప్పుడప్పుడు చూపించుకోండి అన్నారు డాక్టరు గారు. ఆయన నవ్వడం చూసింది అదే మొదటిసారి.

దేవుడు చేసిన మేలు గురించి చర్చిలో సాక్ష్యం చెప్పమని పాస్టరు గారు అడిగారు. లేచి నిలబడి రెండు విషయాలు చెప్పాను. పోతురాజు అనే మనిషి కోసం మా ఆవిడ ఇదే చర్చిలో పేరు పెట్టి ప్రార్థన చేయించింది, ఆయన చనిపోయాడు. నన్ను ఉంచినందుకు దేవుడికి నేనంటే ఎక్కువ ప్రేమని నేననుకోను. రెండోది, మా అమ్మ కాలవలో పారబోసింది దిగులు కాదు, చింతపండు. ఆ రెండో మాట పూర్తయ్యేలోపే పాస్టరు గారు "ఆమేన్" అన్నారు, పాట ఎత్తుకున్నారు. తర్వాత కూడా కాలువ ప్రసంగం ఏటా వస్తూనే ఉంది. చింతపండు అందులోకి ఎప్పుడూ రాలేదు. ఇది ఆయన్ని నిందించడానికి రాయడం లేదు. ఆయన వానలో సైకిలు మీద వచ్చారు. మా తమ్ముడు బస్సులో కూడా మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత పరీక్షకి వెళ్ళే ప్రతిసారీ ముందురోజు అమ్మ వంటింట్లోంచి అడిగేది. "చింత వెయ్యనా, మాననా?" వెయ్యమనేవాణ్ణి.

2007

అమ్మకి అన్నవాహిక మూసుకుపోయింది. ఆమె వయసుకి చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. తమ్ముడికి కబురు చేస్తే, కొట్టు మూసి రాలేనన్నాడు.

సంఘానికి కొత్త పాస్టరు గారు వచ్చారు, చిన్నవాడు. కాలువ కథ విని, ఆ తల్లిని చూడాలని ఇంటికొచ్చాడు. మంచం పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. "చింత పెట్టుకోవద్దమ్మా."

అమ్మ కళ్ళు తెరిచింది. మాట గాలిలాగా వచ్చింది.

"ఏ చింతయ్యా? ముందు అది చెప్పు."

అతనికి అర్థం కాలేదు. కరుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అతను వెళ్ళాక అమ్మ సైగ చేసి పులుపు అడిగింది. చుక్క నీళ్ళు దిగని గొంతు. చింతపండు కడిగి, పిసికి, వడగట్టి, దూది ఉండ ముంచి ఆమె నాలుక మీద రాశాను. మొహం చిట్లించింది. తర్వాత నాలుకతో పెదవులు తడుముకుంది. ఇంకొంచెం అన్నట్టు చూసింది. ఇంకొంచెం రాశాను.

"అంతేనమ్మా," అన్నాను. "నా వంతు ఇంతే."

తెలుసన్నట్టు నా చెయ్యి తట్టి, గోడవైపు తిరిగి నిద్రపోయింది.